స్లైప్నర్ సైస్మిక్ డేటా: సముద్రం కింద దాచిన వాయువు ఎటు కదులుతోందో చూపే సంపుటి

ఉత్తర సముద్రంలో నార్వేకు చెందిన స్లైప్నర్ క్షేత్రంలో 1996 నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రపు అడుగు కింద ఉన్న ఉట్సిరా ఇసుకరాతి పొరలోకి పంపుతున్నారు. అక్కడ దొరికే సహజవాయువులో సుమారు 9 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అమ్మకానికి పనికిరావాలంటే దాన్ని 2.5 శాతానికి తగ్గించాలి, వేరుచేసినదాన్ని గాలిలోకి వదిలితే 1991 నుంచి అమల్లో ఉన్న కార్బన్ పన్ను కట్టాలి. అందుకే తొలి ఏళ్లలో ఏటా సుమారు 10 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి భూమిలోకే పంపారు. ఆ పని మొదలవక ముందు 1994లోనూ, తరువాత 1999 నుంచి 2010 వరకు పలుమార్లూ చేసిన సైస్మిక్ సర్వేల (ధ్వని తరంగాలను నేలలోకి పంపి, ప్రతిధ్వనులను బట్టి లోపలి పొరలను చూసే పద్ధతి) రికార్డులు ఇప్పుడు సీవోటూ డేటాషేర్ అనే పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. కృష్ణా–గోదావరి బేసిన్ సైస్మిక్ సెక్షన్లు, అంటే నేలను నిలువునా కోసినట్టు చూపే చిత్రాలు, చదవడమే వృత్తిగా ఉన్న నేను వాటిని కొన్ని నెలలుగా వాడుతున్నాను. లీకు ఉందా లేదా అని తేల్చుకోవడానికి ఈ సంపుటి ఎంతవరకు అక్కరకొస్తుందో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందుగా 1994 సెక్షన్‌నూ 1999 సెక్షన్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిదానిలో ఉట్సిరా పొర దాదాపు నిశ్చలంగా, పలుచటి బూడిదరంగు గీతలతో కనిపిస్తుంది. రెండోదానిలో అదే చోట తొమ్మిది మెరిసే గీతలు ఒకదానిపై ఒకటి దొంతరగా పేర్చినట్టు లేస్తాయి. ఇసుకరాతి మధ్యలో ఉన్న పలుచటి షేల్ (గట్టిపడ్డ బంకమట్టి రాయి) పొరల కింద వాయువు ఆగి, పక్కలకు పరుచుకుని, సందు దొరికిన చోట పైకి ఎగబాకిన తీరు అది. ఆ తొమ్మిది గీతల కిందనున్న రాతిపొరలు మధ్యలో పల్లంలా కుంగినట్టు కనబడతాయి కానీ అవి నిజంగా కుంగలేదు. వాయువు నిండిన ఇసుకలో ధ్వని నెమ్మదిగా సాగుతుంది కాబట్టి ప్రతిధ్వని ఆలస్యంగా చేరుతుంది, ఆ ఆలస్యమే మన కంటికి లోతుగా తోస్తుంది. ఇంత స్పష్టమైన మార్పును ఒకే చోట, ఇన్ని ఏళ్ల వరుసలో చూసే అవకాశం నా పాతికేళ్ల వృత్తిలో మరెక్కడా దొరకలేదు.

అన్నిటికంటే పైనున్న తొమ్మిదో పొరను సర్వే వెంట సర్వేగా గమనిస్తే, వాయువు తనను పైకి పోనివ్వని మూతరాతి అడుగున ఒక గట్టు వెంబడి ఉత్తరానికి నాలుకలా సాగడం తెలుస్తుంది. ఆ మూతరాతిని దాటి పైకి వచ్చిన జాడ నేను చూసిన ఏ సంవత్సరపు సెక్షన్‌లోనూ కనబడలేదు. 2002 నుంచి సముద్రపు అడుగున విడిగా గురుత్వాకర్షణ కొలతలు కూడా తీసుకున్నారు కాబట్టి, వాయువు సాంద్రత విషయంలో సైస్మిక్ సర్వే ఒక్కదాని మాటే నమ్మాల్సిన అవసరం ఉండదు.

అయితే ఈ సంపుటి చేయలేని పని ఒకటి ఉంది, దాన్ని చెప్పకపోతే చదువరులకు అన్యాయం చేసినట్టే. సైస్మిక్ సర్వే కంటికి ఆనాలంటే పై పొరల్లో వాయువు వేల టన్నుల మేర ఒకచోట పోగవ్వాలి. 2019లో ఉత్తర సముద్రంలోనే గోల్డెన్‌ఐ అనే పాత గ్యాస్ క్షేత్రం దగ్గర, 120 మీటర్ల నీటి అడుగున, నేలకు 3 మీటర్ల కిందనుంచి పరిశోధకులు కావాలనే కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి చూశారు. రోజుకు కొన్ని కిలోల నుంచి నూటికి పైగా కిలోల వరకు వదిలిన ఆ వాయువును పసిగట్టినవి బుడగల చప్పుడు వినే హైడ్రోఫోన్లు, నీటి రసాయన గుణాన్ని కొలిచే పరికరాలు. కిలోలకూ వేల టన్నులకూ మధ్య ఉన్న ఆ దూరాన్ని సైస్మిక్ డేటా పూడ్చలేదు. కాబట్టి ‘సెక్షన్‌లో ఏమీ కనబడలేదు’ అన్న మాటను ‘ఏమీ కారలేదు’ అని చదవకూడదు.

నీటిని కొలిచే పద్ధతికి దాని కష్టాలు దానికి ఉన్నాయి. జపాన్‌లోని తోమకోమాయ్ తీరంలో 2016లో సముద్రపు అడుగు కిందికి వాయువు పంపడం మొదలైన కొద్దికాలానికే సముద్రజలంలో కార్బన్ డయాక్సైడ్ ముందుగా పెట్టుకున్న హద్దును దాటింది. పని ఆపి పరిశీలించి, అది లీకు కాదనీ సముద్రంలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గేననీ నిర్ధారించాక, 2017 ఫిబ్రవరిలో మళ్లీ మొదలుపెట్టారు. ఆ హద్దును ఒక్క ఏడాది కొలతల ఆధారంగా గీశారు. ఋతువు ఋతువుకూ మారే సముద్రానికి ఒక్క ఏడాది చాలదని నా అభిప్రాయం. స్లైప్నర్‌లో వాయువు పంపకముందే తీసిన 1994 సర్వే విలువ నాకు ఇక్కడే బాగా అర్థమైంది, ఎందుకంటే మునుపటి స్థితి తెలియకపోతే వచ్చిన మార్పును దేనితో పోల్చుకోవాలి?

వాడకం విషయానికొస్తే, పేరు నమోదు చేసుకుని లైసెన్సు షరతులకు ఒప్పుకుంటే ఫైళ్లు దించుకోవచ్చు. సైస్మిక్ డేటాకు వాడే సెగ్‌వై ఫార్మాట్‌లో ఉన్న పెద్ద ఫైళ్లు కాబట్టి డిస్కులో తగినంత చోటు, తెరవడానికి తగిన సాఫ్ట్‌వేర్ ముందే చూసుకోవాలి. ఏళ్ల మధ్య సర్వే పరికరాలూ ప్రాసెసింగ్ పద్ధతులూ మారాయి కనుక రెండు సంవత్సరాల సెక్షన్లను నేరుగా తీసివేత చేసి, మిగిలిన ప్రతి మెరుపునూ వాయువే అనుకుంటే పొరపడతారు. వాయువు చేరని పై పొరల్లో రెండు సర్వేలు ఎంత బాగా కలుస్తున్నాయో ముందుగా సరిచూసుకోవాలి. భూభౌతిక శాస్త్రం చదువుతున్న విద్యార్థులకు దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. తొమ్మిది పొరలనూ ఒకేసారి పట్టుకోకుండా తొమ్మిదో పొర ఒక్కదాని అంచును 1999 నుంచి 2010 దాకా చేత్తో గీసుకుంటూ రమ్మని వారికి నా సలహా.