పాత రికార్డర్, స్ట్రీమింగ్ డాంగిల్ కొనేముందు తేదీ చూడండి

తేదీ తప్పు చూపించే వాడిన డీవీడీ రికార్డర్లు, స్ట్రీమింగ్ డాంగిళ్లు (టీవీకి తగిలించి నెట్ వీడియోలు చూసే చిన్న పరికరాలు), జీపీఎస్ పరికరాలను "చిన్న సెల్ మారిస్తే చాలు, కొత్తదానిలా పనిచేస్తుంది" అంటూ అమ్ముతున్నారు. ఆ మాట మీద డబ్బు చేతిలో పెట్టకండి. తేదీ తప్పడానికి కారణం ఒకటే కాదు. కొన్ని రిపేరుకు లొంగుతాయి, కొన్ని లొంగవు.

ముందు తేదీ సరిచేసి, ప్లగ్ తీసి పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. తేదీ మొదటికొస్తే బ్యాకప్ సెల్ (కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది) పని అయిపోయినట్టే, అది మార్చుకోవచ్చు. అలా కాక మెనూలో సంవత్సరం ఒకచోట ఆగిపోయి ఈ ఏడాదిదాకా రాకపోతే, అది సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టిన హద్దు. ఎన్ని సెల్స్ మార్చినా దండగే. ఉన్న రికార్డర్‌ను వాడుకోవాలంటే ఏడాదిని 28 వెనక్కి పెట్టండి (2026కి 1998), వారాలు, తేదీలు కలుస్తాయి. కొన్ని మెనూలు 2000 కంటే వెనక్కి పోవు. వాటిలో 2026కి 2015 సరిపోతుంది. టైమర్ రికార్డింగుకు అంతకంటే అక్కర్లేదు.

జీపీఎస్‌లో పాత సిగ్నల్ వారాలను 1024 దాకానే లెక్కపెట్టి మళ్లీ సున్నాకొస్తుంది. 2019 ఏప్రిల్‌లో అలాగే జరిగింది. దారి సరిగ్గా చూపిస్తూ తేదీ మాత్రం దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తుంటే తయారీదారు అప్‌డేట్ ఉందా అని వెతకండి. లేకపోతే వదిలేయండి.

ఎక్కువమంది మోసపోయేది నెట్‌కు కలిసే పరికరాల దగ్గరే. వాటిలోని భద్రతా సర్టిఫికెట్లకు (నెట్‌లో ఎవరు ఎవరో నిర్ధారించే డిజిటల్ గుర్తింపు పత్రాలకు) గడువు ఉంటుంది. 2015 నాటి రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు (గూగుల్ స్ట్రీమింగ్ డాంగిళ్లు) 2025 మార్చిలో ఇలాగే ఒక్కసారిగా ఆగిపోయాయి. కొద్దిరోజుల్లోనే అప్‌డేట్ వచ్చింది గానీ, ఈలోపు కంగారుపడి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినవాళ్లు సెటప్ దగ్గరే ఇరుక్కున్నారు. అందుకే పరికరం ఆగితే రీసెట్ జోలికి పోకండి. అమ్మేవాళ్లు ఎలాగూ రీసెట్ చేసే ఇస్తారు కాబట్టి, సెటప్ మొదటినుంచి చివరిదాకా మీ కళ్లముందే చేయించండి. తేదీ 1970 అనో 2000 అనో చూపిస్తుంటే ముందు దాన్ని సరిచేయించండి. తేదీ తప్పైతే మంచి సర్టిఫికెట్ కూడా చెల్లదు.

సెల్ మార్చేటప్పుడు పాతదాని మీద అక్షరాలు చదవండి. సీఆర్2032 చార్జ్ అయ్యే రకం కాదు, ఎంఎల్2032 అవుతుంది. రెండూ ఒకే సైజు, ఒకే 3 వోల్టులు. ఎంఎల్ తీసి సీఆర్ పెడితే బోర్డు దాన్ని చార్జ్ చేస్తుంది, అది కారుతుంది, పగలవచ్చు కూడా. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ వద్దు, పట్టీలు అతికించి వచ్చేదే కొనండి.

డీఎస్1287 లాంటి గడియారం చిప్‌లో సెల్ లోపలే ఉంటుంది. "వాడని పాత స్టాక్" అని అమ్మేవాటిలో ఆ సెల్‌కీ అంతే వయసు. చిప్ మీద నాలుగంకెల కోడ్ చూడండి: 9814 అంటే 1998లో 14వ వారం.