చజ్జా మీది డిజైను గోడ: మళ్లీ ఇటుకా, చెక్క ఫ్రేమా?

గాలివానలు మొదలైతే చాలు, కర్నూలు, అనంతపురం, కడపల్లో చాలా ఇళ్లవాళ్లు అడిగేది ఇదే: మిద్దె ముందు అందం కోసం లేపిన నాలుగున్నర అంగుళాల గోడ బయటికి వాలింది, విప్పి మళ్లీ ఇటుకే కట్టాలా, చెక్క ఫ్రేము వేసి పైన పూత పూయాలా?

బరువైన గోడ గాలికి పడదన్నది అపోహ. ప్లాస్టరింగుతో కలిపి ఆ గోడ చదరపు అడుగుకు సుమారు 23 కిలోలు. గంటకు 140 కిలోమీటర్ల గాలి చదరపు అడుగుకు 8 కిలోలకు పైగా తోస్తుంది. ఐదడుగుల ఎత్తుకు లెక్కేస్తే, గోడ సొంత బరువు ఆపగలిగేది ఆ తోపులో ఐదో వంతే. మిగతాదంతా అట్టడుగు వరస సిమెంటు పట్టే మోయాలి. సరిగా నీళ్లు పట్టని చోట ఆ పట్టు వదిలేస్తుంది. అందుకే గోడ దేనితో కట్టినా, ముందు తేల్చాల్సింది దాని పాదం బిగింపు.

కింద బీము ఉంటే ఇటుకే మేలు. ఐదడుగులకో పిల్లర్, అందులో నాలుగు 10 ఎం.ఎం. కడ్డీలు కెమికల్ యాంకరింగుతో (రంధ్రం చేసి, గట్టిపడే జిగురు నింపి నాటడం) బీములోకి, పైన కాంక్రీటు బెల్టు. చజ్జా, అంటే గోడ బయటికి చాచిన స్లాబు, దాని కొసన మాత్రం ఇటుక వద్దే వద్దు. పదడుగుల గోడే 1,100 కిలోలు దాటుతుంది.

చజ్జా మీదికి నేను చెక్క ఫ్రేమే చెబుతాను. బరువు నాలుగో వంతుకు దిగుతుంది. గాలి తోపు మాత్రం తగ్గదు కాబట్టి, నాలుగడుగులకో ఊతం పెట్టి వెనక బీముకు బోల్టులతో బిగించాలి. చెదల మందు పట్టించిన, బాగా ఆరిన 4×2 అంగుళాల టేకు పట్టెలు 16 అంగుళాలకొకటి. అట్టడుగు పట్టె స్లాబుకు తగలకూడదు: మూడంగుళాల కాంక్రీటు దిమ్మె, దానిమీద తారు ఫెల్టు (తారు పట్టించిన షీటు), ఆపైన పట్టె.

పూత నేరుగా చెక్కకు పూస్తే పగిలిపోతుంది, చెక్క తేమకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది. పట్టెల మీద వానను ఆపే షీటు, అంగుళం మందం రీపర్లు (సన్న చెక్క పట్టీలు), వాటికి 8 ఎం.ఎం. సిమెంటు బోర్డు, కీళ్లలో 3 ఎం.ఎం. సందు, టేపు, ఫైబర్ మెష్‌తో పాలిమర్ పూత. బోర్డు వెనక గాలి ఆడేలా అడుగున సందు వదిలి జాలీ కొట్టాలి. రంగు లేతదే వేయండి. మన ఎండకు ముదురు రంగు గోడ కీళ్ల దగ్గరే ముందు చీలుతుంది. గోడ తలమీద కడప బండ పరవాలనిపిస్తుంది గానీ, దాని అతుకుల్లోంచి నీరు దిగి పట్టెల తలలు కుళ్లుతాయి. అతుకు లేని అల్యూమినియం రేకు మూత చాలు.

జీఐ (జింకు పూత ఇనుప) బాక్సు పైపు ఫ్రేముకు చెదల బాధ లేదు, వెల్డింగు చోట్ల జింకు ప్రైమర్ మరవకండి. ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలున్న సిమెంటు ఇటుకలు) తేలికే, పాదం సమస్య మాత్రం ఇటుకదే.

ఏది ఎంచుకున్నా పాత గోడను తోసి పడగొట్టొద్దు. కింద దారి మూసి, పై వరస నుంచి ఒక్కో ఇటుకా తీసి వెంటనే దించేయాలి, చజ్జా మీద కుప్ప పోయకూడదు.