డెండ్రిటిక్ సెల్ వ్యాక్సినా, కార్‌-టి చికిత్సా: బ్లడ్ క్యాన్సర్‌కు ఏది మేలు?

ఇంట్లో ఒకరికి బ్లడ్ క్యాన్సర్ అని తేలాక నాలుగు రోజులు తిరగకముందే చుట్టపక్కాలంతా ఫోన్లలో వెతకడం మొదలుపెడతారు. పేషెంటు సొంత రోగనిరోధక కణాలతోనే మందు తయారు చేస్తారట, ఎవరిది వాళ్లకే విడిగా చేస్తారట, సైడ్ ఎఫెక్టులే ఉండవట అని ఎవరో ఒకరు చదివి చెబుతారు. వాళ్లు చదివింది ఒక్కోసారి డెండ్రిటిక్ సెల్ వ్యాక్సిన్ గురించి, ఒక్కోసారి కార్‌-టి గురించి. రెండింటినీ కలిపేసి అడిగేవాళ్లే ఎక్కువ. కానీ అవి పనిచేసే తీరు వేరు, పనిచేస్తాయనడానికి ఉన్న రుజువుల బలం ఇంకా వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బి-కణాలనే తెల్ల కణాల్లో పుట్టే ల్యూకేమియా, లింఫోమా అనే బ్లడ్ క్యాన్సర్లు మందులకు లొంగకుండా పెచ్చుమీరినప్పుడు కార్‌-టిదే పైచేయి. వ్యాక్సిన్‌కు చోటంటూ ఉంటే, కీమోతో రోగం అణిగాక అది మళ్లీ తిరగబెట్టకుండా కాపు కాసే దశలోనే. అదైనా క్లినికల్ ట్రయల్లోనే తీసుకోవాలి, డబ్బు కట్టి కాదు.

రెండింటికీ మొదటి మెట్టు ఒకటే. పేషెంటును కుర్చీలో పడుకోబెట్టి రెండు చేతులకూ సూదులు పెడతారు. ఒక చేతి నుంచి వచ్చిన రక్తం మెషీన్‌లో గిర్రున తిరిగి, కావలసిన తెల్ల కణాలు ఒక సంచిలోకి పోతాయి, మిగతా రక్తం రెండో చేతి గుండా ఒంట్లోకి తిరిగి వస్తుంది. మూడు నాలుగు గంటలు కదలకుండా ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల ఒంట్లో కాల్షియం కాస్త తగ్గి, పెదాలు, వేళ్ల చివర్లు చిమచిమలాడతాయి. నర్సు కాల్షియం ఇస్తే సర్దుకుంటుంది. ఆ సంచి మీద అంటించే లేబుల్ చాలా ముఖ్యం. ఒకరి కణాలు ఇంకొకరికి ఎక్కకూడదు కాబట్టి ల్యాబ్‌లో ప్రతి మలుపులోనూ ఆ పేరు, నంబరు సరిచూస్తారు.

ఇక్కడి నుంచి దారులు వేరవుతాయి. కార్‌-టిలో ఆ సంచిలో ఉన్న, రోగ కణాలను వేటాడి చంపే టి కణాలను తీసుకుని, క్యాన్సర్ కణం పైపొర మీద ఉండే సీడీ19 లాంటి గుర్తును నేరుగా పట్టుకునే కొత్త జన్యువును వాటిలో పెడతారు. ఒంట్లోకి ఎక్కించాక అవి విపరీతంగా పెరిగి దాడి చేస్తాయి. వ్యాక్సిన్ మాత్రం క్యాన్సర్ కణాలను నేరుగా చంపదు. అందులో మోనోసైట్లనే ఒక రకం తెల్ల కణాలను వారం రోజులు పెంచి డెండ్రిటిక్ కణాలుగా మారుస్తారు. దొంగ ఆనవాళ్లు ఊరంతటికీ చెప్పే మనిషిలా, క్యాన్సర్ ప్రోటీన్ ముక్కలను టి కణాలకు చూపించి గుర్తుపట్టడం నేర్పడమే వీటి పని. పట్టుకోవడం, చంపడం ఒంట్లో సహజంగా ఉన్న టి కణాల వంతు. కీమో దెబ్బకు ఆ టి కణాలే నీరసించి ఉంటే ఎంత బాగా నేర్పినా ఫలితం తక్కువ. వ్యాక్సిన్ బలహీనతంతా ఇక్కడే ఉంది.

రుజువుల విషయానికి వస్తే కార్‌-టిది తిరుగులేని చరిత్ర. 2012లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, రెండుసార్లు ల్యూకేమియా తిరగబెట్టిన ఆరేళ్ల ఎమిలీ వైట్‌హెడ్‌కు ఈ చికిత్స చేశారు. తీవ్రమైన జ్వరం, బీపీ పడిపోవడంతో పాప చావు అంచు దాకా వెళ్లింది. కీళ్లవాతానికి వాడే టోసిలిజుమాబ్ ఇస్తే కోలుకుంది. ఆ తర్వాత 75 మంది పిల్లలు, యువకుల మీద చేసిన ట్రయల్లో మూడు నెలల్లోపే 81 శాతం మందిలో రోగం కనబడకుండా పోయింది. వాళ్లంతా అంతకుముందు మందులు పనిచేయనివాళ్లే, లేదా రోగం తిరగబెట్టినవాళ్లే. పోల్చి చూసే కంట్రోల్ గుంపు లేకపోయినా, అలాంటి పేషెంట్లలో అంత మార్పు దానంతట అది రాదు. అమెరికా ప్రభుత్వం 2017 ఆగస్టులో అనుమతి ఇచ్చింది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారు చేసిన నెక్స్‌కార్‌19కు మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఖర్చు అమెరికా ధరలో పదో వంతే అన్నా, మధ్యతరగతి ఇంటికి లక్షల్లో పడే భారమే అది.

వ్యాక్సిన్ కథ ఇలా సాఫీగా సాగలేదు. అందుకే కాస్త ఆగి చెప్పాలి. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో డేవిడ్ ఏవిగన్ బృందం పేషెంటు ల్యూకేమియా కణాలను, ఆ పేషెంటు డెండ్రిటిక్ కణాలను కలిపి ఒకే కణంగా అతికించే పద్ధతి తయారు చేసింది. రోగ కణంలోని ప్రోటీన్లన్నీ ఒకేసారి చూపించవచ్చన్నది వాళ్ల ఆలోచన. కీమోతో అక్యూట్ మైలాయిడ్ ల్యూకేమియా (వేగంగా ముదిరే ఒక బ్లడ్ క్యాన్సర్) అణిగిన 17 మందికి ఇచ్చారు. 2016లో ఫలితాలు వచ్చాయి. దాదాపు 57 నెలలు గమనించాక వాళ్లలో 12 మంది రోగం తిరగబెట్టకుండా బతికి ఉన్నారు. సగటు వయసు 63 ఏళ్లు. ఆ వయసులో ఈ రోగం ఎంత త్వరగా తిరగబెడుతుందో తెలిసినవాళ్లకు ఇది కళ్లు చెదిరే ఫలితం.

అయితే ఆ 17 మంది ఎవరు? కీమోకు లొంగినవాళ్లు, వ్యాక్సిన్ తయారయ్యేదాకా రోగం తిరగబెట్టనివాళ్లు, కణాలు తీసేంత ఓపిక ఒంట్లో మిగిలినవాళ్లు. అలా వడగట్టగా మిగిలిన గుంపు వ్యాక్సిన్ లేకపోయినా మిగతావాళ్ల కంటే మెరుగ్గానే ఉంటుంది. ఎంత మెరుగ్గా ఉంటుందో పక్కన ఇంకో గుంపు లేకపోతే ఎవరూ చెప్పలేరు.

ఆ పక్క గుంపును పెట్టి చూసింది మైలోమా అనే ఇంకో బ్లడ్ క్యాన్సర్‌లో. అదే అతికింపు పద్ధతి, అమెరికాలో అనేక ఆసుపత్రులు. సొంత మూలకణాల మార్పిడి (ట్రాన్స్‌ప్లాంట్) అయ్యాక 140 మందిని చీటీలు తీసినట్టు గుంపులుగా విడదీశారు. 68 మందికి మైలోమాకు వాడే లెనలిడోమైడ్ మాత్రలతో పాటు వ్యాక్సిన్, 72 మందికి వ్యాక్సిన్ లేకుండా ఆ మాత్రలు. ఏడాది తర్వాత రోగం పూర్తిగా కనబడకుండా పోయింది వ్యాక్సిన్ గుంపులో 52.9 శాతం మందికి, రెండో గుంపులో 50 శాతం మందికి. ఆ తేడా లెక్కకు వచ్చేది కాదు. రెండో గుంపు లేకపోయి ఉంటే, వ్యాక్సిన్ వేసుకున్నవాళ్లలో సగానికి పైగా బాగయ్యారని పత్రికలు రాసేవి, మనమూ నమ్మేవాళ్లం.

ఇందులో నన్ను బాగా పట్టుకున్న విషయం ఒకటి ఉంది. వ్యాక్సిన్ వేసుకున్నవాళ్ల రక్తంలో మైలోమా కణాలను గుర్తుపట్టే టి కణాలు పెరిగాయి. అంటే నేర్పడం జరిగింది. కానీ ఏడాదికి చూస్తే రోగంలో తేడా రాలేదు. ల్యాబ్ రిపోర్టు బాగుండటం, పేషెంటు బాగుండటం ఒకటి కాదనడానికి ఇంతకంటే తేటగా దేన్ని చూపించాలి? ఏడాది గడువు చాలదేమో, తిరగబెట్టకుండా ఆపే శక్తి ఆ తర్వాత బయటపడుతుందేమో అనే వాదన ఉంది. అది సబబైన వాదనే, కానీ రుజువు మాత్రం కాదు.

బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ బృందం ఇంకో దారి పట్టింది. వాళ్లు రోగ కణమంతా కాకుండా, ల్యూకేమియాలో ఎక్కువగా కనిపించే డబ్ల్యూటీ1 అనే ఒక్క ప్రోటీన్‌ను తయారు చేసే సూచనలున్న ఎంఆర్ఎన్ఏను డెండ్రిటిక్ కణాల్లోకి కరెంటు షాకుతో పంపిస్తారు. 30 మందిలో 13 మందికి రోగం మీద ఏదో ఒక మేర ప్రభావం కనబడింది. పేషెంటు ల్యూకేమియా కణాలను దాచిపెట్టాల్సిన పని లేదు కాబట్టి తయారీ తేలిక. కానీ ఆ ఒక్క ప్రోటీన్‌ను రోగ కణం దాచేస్తే చేతులెత్తేయాల్సిందే. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను బోస్టన్ పద్ధతి ఆలోచన వైపే మొగ్గుతాను, దాని తయారీ ఎంత కష్టమైనా.

ఇంత చెప్పి వ్యాక్సిన్‌ను కొట్టిపారేయను, ఎందుకంటే కార్‌-టి చేరలేని చోటు ఒకటుంది. సీడీ19 మంచి బి-కణాల మీద కూడా ఉంటుంది. అవి పోయినా ఇమ్యూనోగ్లోబులిన్ (యాంటీబాడీలు) ఎక్కిస్తూ మనిషిని కాపాడుకోవచ్చు. అక్యూట్ మైలాయిడ్ ల్యూకేమియాలో పైపొర గుర్తులు మూలుగలోని మంచి మూలకణాల మీద కూడా ఉంటాయి. వాటిని ఊడ్చేస్తే రక్తం తయారయ్యే దారే మూసుకుపోతుంది. అందుకే ఆ రోగానికి అనుమతి పొందిన కార్‌-టి లేదు. పైగా డబ్ల్యూటీ1 లాంటి ప్రోటీన్లు కణం లోపల ఉంటాయి, మామూలు కార్‌-టికి అవి కనబడవు. సైడ్ ఎఫెక్టుల సంగతి చూసినా వ్యాక్సిన్ వేసిన చోట ఎరుపు, దురద, కాస్త జ్వరం తప్ప పెద్దగా ఉండవు. కార్‌-టిలో చాలామందికి రోగనిరోధక శక్తి అదుపు తప్పే సైటోకైన్ తుఫాను వస్తుంది, కొందరికి ఐసీయూ తప్పదు. వయసు మీద పడి ట్రాన్స్‌ప్లాంట్‌ను తట్టుకోలేని మనిషికి ఇది చిన్న తేడా కాదు.

డెండ్రిటిక్ కణాలను 1973లో లోకానికి చూపిన రాల్ఫ్ స్టైన్‌మన్, తనకు పాంక్రియాస్ క్యాన్సర్ వచ్చినప్పుడు ఆ వ్యాక్సిన్లను తన మీదే ప్రయోగించుకున్నాడు. నాలుగేళ్లకు పైగా బతికి, నోబెల్ ప్రకటించడానికి మూడు రోజుల ముందు, 2011 సెప్టెంబరు 30న కన్నుమూశాడు. ఆ ఏళ్లు వ్యాక్సిన్ ఇచ్చినవా, మిగతా మందులు ఇచ్చినవా అన్నది ఆయన లాంటి శాస్త్రవేత్తకూ ఒక్క మనిషి అనుభవంతో తేలే విషయం కాదు. ఫలానావాళ్లకు తగ్గిందట అని ఎవరైనా చెబితే నాకు గుర్తొచ్చేది ఇదే.

కాబట్టి ఎవరైనా మీకు ఈ వ్యాక్సిన్ వేస్తామంటే మూడు మాటలు అడగండి. ఇది సీటీఆర్ఐలో (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదైన ట్రయలేనా, నంబరెంత? పోల్చి చూసే గుంపు ఉందా? మందుకు నా దగ్గర డబ్బు తీసుకుంటున్నారా? ట్రయల్ మందుకు పేషెంటు డబ్బు కట్టాల్సిన పని లేదు. లక్షలు అడుగుతున్నారంటే అక్కడ జరిగేది ప్రయోగం కాదు, అమ్మకం. అక్యూట్ మైలాయిడ్ ల్యూకేమియా కీమోతో అణిగి, తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉండి, హెచ్‌ఎల్‌ఏ (కణజాల గుర్తులు) కలిసిన అన్నో చెల్లెలో ఉంటే ముందు ట్రాన్స్‌ప్లాంట్ గురించే డాక్టరుతో మాట్లాడండి. దాత దొరక్కపోతేనో, ఒళ్లు తట్టుకోదని డాక్టరు చెబితేనో అప్పుడు వ్యాక్సిన్ ట్రయల్ కోసం వెతకండి.