రిపీటర్ ఉన్న చోటే దీని ప్రతాపం: బావోఫెంగ్ యూవీ-5ఆర్

హ్యామ్ రేడియో (సరదాకి నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్సు చేతికొచ్చిన వాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "ఏ హ్యాండీ కొనమంటారు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "మీకు అందే దూరంలో రిపీటర్ ఉందా?" రిపీటర్ అంటే ఎత్తున ఉండి, మన మాటని అందుకుని దూరానికి తిరిగి పంపే స్టేషన్. అది ఉందంటే బావోఫెంగ్ యూవీ-5ఆర్ అనే ఈ చేతి రేడియో సెట్టు చాలంటాను. లేదంటే ఆ డబ్బు దాచుకుని, బయట ఎత్తున కట్టే యాంటెన్నా, దానికి తగ్గ పెద్ద సెట్టు చూసుకోమంటాను. ఎందుకంటే ఇది ఇచ్చేది 5 వాట్లే. చేతిలో పట్టుకుని, ఇళ్ల మధ్య నుంచి నేరుగా ఇంకో హ్యాండీతో మాట్లాడితే ఒకటి రెండు కిలోమీటర్లు దాటడమే గగనం. అదే 5 వాట్లు గుట్ట మీదున్న రిపీటర్‌కి అందితే పదుల కిలోమీటర్ల అవతల కారులో ఉన్నాయనకి పక్కనుండి మాట్లాడినట్టు వినిపిస్తారు.

2012 నుంచి మార్కెట్లో ఉన్న మోడల్ ఇది. వీహెచ్‌ఎఫ్‌లో 136 నుంచి 174 మెగాహెర్ట్జ్, యూహెచ్‌ఎఫ్‌లో 400 పైన ఇంకో బ్యాండు. 128 మెమరీలు, ఎఫ్‌ఎం రేడియో, నెత్తిన టార్చి. టార్చి మాత్రం భేషుగ్గా ఉంటుంది, అందులో సందేహం లేదు. ఒక్క జాగ్రత్త: మన లైసెన్సు ఒప్పుకోని ఫ్రీక్వెన్సీల్లో కూడా ఇది నోరు మూసుకోదు. ఎక్కడ పీటీటీ (మాట్లాడడానికి నొక్కి పట్టే బటన్) నొక్కినా ట్రాన్స్‌మిట్ చేసేస్తుంది. హద్దులు గుర్తుపెట్టుకోవాల్సింది మనమే.

ఇక అసలు పరీక్ష కీప్యాడ్ దగ్గర. రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో వింటూ, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో దాన్ని తిరిగి పంపిస్తుంది. 2 మీటర్ల బ్యాండులో (144 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే హ్యామ్ బ్యాండు) ఈ రెంటికీ మధ్య దూరం చాలా చోట్ల 600 కిలోహెర్ట్జ్. ఉదాహరణకి రిపీటర్ 145.650 మెగాహెర్ట్జ్ మీద పంపుతోంది, తేడా మైనస్ అనుకుందాం. అంటే మనం 145.050 మీద మాట్లాడాలి. దానికి తోడు చాలా రిపీటర్లు చెవికి ఆనని సన్నని టోన్ ఒకటి, 88.5 హెర్ట్జ్ లాంటిది, మన గొంతు కింద నడుస్తుంటే తప్ప తలుపు తీయవు. ఈ మూడు ముక్కలూ సెట్టుకి చెప్పాలి. నారింజ రంగు బటన్ నొక్కి ఫ్రీక్వెన్సీ మోడ్‌లోకి రండి. మెనూ 7లో డ్యూయల్ వాచ్ (రెండు ఫ్రీక్వెన్సీలని మార్చి మార్చి వినడం) ఆపేయండి, లేకపోతే మీరు ఏ లైన్ మీద మాట్లాడుతున్నారో మీకే తెలియదు. 145.650 కొట్టండి. మెనూ 25లో మైనస్, 26లో 000.600, 13లో 88.5 పెట్టండి. 11 జోలికి మాత్రం పోకండి. అది వినేటప్పటి టోన్. రిపీటర్ ఆ టోన్ తిరిగి పంపకపోతే స్పీకర్ కిక్కురుమనదు, మీరు యాంటెన్నాని తిట్టుకుంటూ కూర్చుంటారు.

ఇంతవరకూ బాగానే ఉంటుంది. మెమరీలో దాచబోతేనే తల ప్రాణం తోకకొస్తుంది. మెనూ 27లోకి వెళ్లి ఖాళీ ఛానల్ ఎంచుకుని దాస్తే అది వినే ఫ్రీక్వెన్సీ మాత్రమే. బయటికొచ్చి, స్టార్ బటన్‌తో ఫ్రీక్వెన్సీని తిప్పి, 145.050 కనిపించాక, మళ్లీ 27కి వెళ్లి అదే నంబర్ మీద రెండోసారి దాయాలి. అప్పటికి గానీ పంపే ఫ్రీక్వెన్సీ ఎక్కదు. ఛానల్‌కి పేరు పెట్టడం కీప్యాడ్‌తో కుదరదు. అందుకే నా సలహా: సెట్టుతో పాటే ప్రోగ్రామింగ్ కేబుల్ కొనండి, ఉచితంగా దొరికే చర్ప్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ముందు సెట్టులో ఉన్నదంతా చదివించి ఒక కాపీ విడిగా దాచి, ఆ తర్వాతే మార్పులు మొదలుపెట్టాలి. కేబుల్లో నకిలీ ప్రోలిఫిక్ చిప్ ఉంటే విండోస్ దాన్ని గుర్తించనని మొండికేస్తుంది, ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నదైతే ఆ గొడవ తక్కువ. ఇంకోటి, సెట్టు పక్కనున్న రెండు పిన్నుల సాకెట్‌లోకి ప్లగ్గు బలంగా, చివరంటా దిగాలి. సాఫ్ట్‌వేర్ "రేడియో పలకడం లేదు" అంటే సగం సందర్భాల్లో కారణం అదే.

అన్నీ సరిగ్గా పడ్డాయో లేదో తెలుసుకోడానికి ఇంకొకరి సాయం అక్కర్లేదు. పీటీటీ నొక్కి, ఒక సెకను ఆగి, కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే మీ గుర్తింపు పేరు) చెప్పి వదలండి. మీరు వదిలాక కూడా రిపీటర్ క్యారియర్ (మాటలేవీ లేని ఉత్త సిగ్నల్) కాసేపు నిలబడి, "టక్" మని పడిపోతుంది. ఆ తోక వినబడిందా, మీరు లోపలికి వెళ్లినట్టే. వినబడకపోతే టోన్, ఆఫ్‌సెట్ దిశ (తేడా ప్లస్సా మైనస్సా), ఎత్తు, ఈ వరసలో చూసుకోండి. సెకను ఆగమన్నది ఊరికే కాదు. టోన్‌ని గుర్తుపట్టడానికి రిపీటర్‌కి కొంచెం టైమ్ పడుతుంది. నొక్కీ నొక్కగానే మాట్లాడితే కాల్‌సైన్‌లో మొదటి అక్షరాన్ని అది మింగేస్తుంది. అన్నట్టు, రిపీటర్ మీద గొంతు చించుకుని సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) పిలవనక్కర్లేదు. కాల్‌సైన్ చెప్పి "లిజనింగ్" అంటే చాలు. కాల్‌సైన్ చెప్పకుండా ఊరికే నొక్కి వదిలి తోక వినడం మాత్రం మర్యాద కాదు, రూల్సు కూడా ఒప్పుకోవు.

మెనూ 39లో రోజర్ బీప్ ఉంటే తీసేయండి. ప్రతి మాట చివరా ఆ కూత విని విని రిపీటర్ పెద్దలకి ఒళ్లు మండిపోతుంది. పక్కనున్న కాల్ బటన్ గట్టిగా నొక్కి పడితే సైరన్ మోగుతుంది, సెట్టింగుని బట్టి అది గాల్లోకి కూడా పోతుంది. మెనూ 32లో సైట్ అని పెడితే మోత మీ చేతిలోనే ఉండిపోతుంది.

పవర్ గురించి చాలామంది టెన్షన్ పడతారు గానీ, 1 వాటుకీ 5 వాట్లకీ మధ్య తేడా 7 డెసిబెల్స్. అవతలి సెట్టు సిగ్నల్ మీటరు మీద ఒక గీత కంటే కాస్త ఎక్కువ. కిటికీ దగ్గరికి నడిస్తే అంతకంటే లాభం. బలహీనత అంతా దానితో వచ్చే పొట్టి యాంటెన్నాలో ఉంది. 2 మీటర్లకి పావు తరంగం అంటే దాదాపు అర మీటరు, ఇదేమో జానెడు కూడా ఉండదు. పొడవాటి విప్ యాంటెన్నా వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. సెట్టు మీదున్నది ఎస్‌ఎంఏ మగ కనెక్టర్, కాబట్టి ఆడ కనెక్టర్ ఉన్నదే కొనాలి. మాట్లాడేటప్పుడు నిటారుగా పట్టుకోండి, నడుముకి తగిలించుకుని మైకులో మాట్లాడితే సగం పవర్ ఒంటికే.

అలాగని పైకప్పు మీది పెద్ద యాంటెన్నాకి కలిపితే ఇంకా బాగుంటుందనుకోవద్దు. రిసీవర్ అంతా ఒకే చిప్‌లో ఉండే చవక డిజైన్ ఇది, ముందు ఫిల్టర్లు నామమాత్రం. చుట్టుపక్కల బలమైన ట్రాన్స్‌మిటర్లున్నాయా, రిపీటర్ ఎంత గట్టిగా వస్తున్నా దీనికి చెవుడొస్తుంది. అనవసరపు హార్మోనిక్స్ (పంపే ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర వెలువడే సిగ్నళ్లు) కూడా బ్యాచ్‌ని బట్టి మారుతుంటాయి. ఎత్తైన యాంటెన్నాకి కడితే ఆ చెత్త కూడా దూరం పోతుంది. పక్కా స్టేషన్ పెట్టుకోవాలనుకుంటే పేరున్న కంపెనీ సెట్టు వేరే కొనుక్కోవాల్సిందే. బ్యాటరీ గురించి చెప్పేదేం లేదు: 1800 ఎంఏహెచ్, వినడం ఎక్కువ మాట్లాడడం తక్కువైతే రోజంతా వస్తుంది.

దీనితో నాకు బాగా నచ్చిన పని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీదున్న రిపీటర్. అది ఆన్‌లో ఉన్నప్పుడు 145.990 మీద 67 హెర్ట్జ్ టోన్‌తో పంపాలి, 437.800 మీద వినాలి. ఇందాక విసుగు పుట్టించిన రెండుసార్లు దాచే పద్ధతే ఇక్కడ అక్కరకొస్తుంది, రెండు బ్యాండులనీ ఒకే ఛానల్‌లో పెట్టనిస్తుంది. కేంద్రం వేగంగా దగ్గరకొచ్చి దూరమవుతుంటే పుట్టే డాప్లర్ మార్పు వల్ల వినే ఫ్రీక్వెన్సీ 10 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి 437.810 నుంచి 437.790 దాకా అయిదు కిలోహెర్ట్జ్‌కొకటి చొప్పున అయిదు ఛానళ్లు వేసుకోండి, పంపేది అన్నిట్లో 145.990. కేంద్రం ఎక్కి వస్తుంటే పైనున్నది, దిగిపోతుంటే కిందిది. మాట్లాడేటప్పుడు ఈ సెట్టు వినలేదు, కాబట్టి మీరు పైకి అందారో లేదో అవతలివాళ్లు మీ కాల్‌సైన్ తిరిగి చెబితేనే తెలుస్తుంది.