నాచేత రాయించింది ఆ మైకు బొమ్మే, అయినా ఒక మాట ఉంది

ఫోను కీబోర్డు మీద మూలన ఉండే చిన్న మైకు బొమ్మ లేకపోతే నేను ఇప్పటికి ఒక్క ప్రయాణం గురించి కూడా రాసి ఉండేదాన్ని కాదు. బ్లాగు ఎలా తెరవాలి, ఏది ఉచితం, ఫోటోలు ఏ సైజులో పెట్టాలి అన్నవి చెప్పేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు, వాటి జోలికి పోను. ఆ బొమ్మ నొక్కి మాట్లాడితే తెరమీద అక్షరాలుగా పడే తెలుగు వాయిస్ టైపింగ్‌నే నమ్ముకుని చాలాకాలంగా యాత్రా విశేషాలు రాస్తున్నాను కాబట్టి దాని సంగతే చెబుతాను.

రాయడమంటే నాకు మొదటినుంచీ బెరుకు. ఉద్యోగమంతా జమాఖర్చులతోనే గడిచింది, ఉత్తరం రాసే అలవాటు కూడా లేదు. మా పెద్దక్కకు మోకాళ్ల నొప్పులు ముదిరి ఇల్లు కదలలేని స్థితి వచ్చాక, నేను ఎక్కడికి వెళ్లినా "ఏం చూశావో రాసి పెట్టు" అని పట్టుబట్టేది. ఫోనులో చెబితే ఆమెకు సరిపోదు, నింపాదిగా మళ్లీ మళ్లీ చదువుకోవాలి. సరేనని కూర్చుంటే, ఒత్తులు, గుణింతాలు వెతుక్కుంటూ రెండు వాక్యాలు కొట్టేలోగా చెప్పాలనుకున్నది కాస్తా చల్లారిపోయేది. మిగిలేవి "ఎంతో ఆహ్లాదకరంగా ఉంది", "చూడదగ్గ ప్రదేశం" లాంటి మాటలే.

తొట్లకొండ మీద అది మారింది. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో సముద్రానికి ఎదురుగా ఉండే ఆ బౌద్ధారామం 1976లో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. ఆ రోజు పైన జనం లేరు. మైకు నొక్కి, అక్కతో ఫోనులో మాట్లాడుతున్నట్టే మొదలుపెట్టాను: "అక్కా, కొండరాతిలోనే తొలిచిన నీళ్ల తొట్ల పక్కన నిలబడ్డాను. అంచులు చేత్తో నిమిరితే నున్నగా ఉన్నాయి. భిక్షువులు ఉన్న గదుల్లో ఇప్పుడు పునాది ఇటుకలే మిగిలాయి, ఒక్కో గదిలో మనిషి కాళ్లు చాపుకుని పడుకోవడానికి మాత్రమే చోటుంది. తల తిప్పితే సముద్రం." ఇంటికి వచ్చి చదువుకుంటే ఆశ్చర్యం వేసింది. ఎక్కడ ఏముందో, నేను ఎటు తిరిగి ఉన్నానో, చేతికి ఏం తగిలిందో అన్నీ ఉన్నాయి. అక్క ముందు "అద్భుతం" అని ఊరుకుంటే కుదరదు. "అంటే ఎలా ఉంది?" అని వెంటనే అడుగుతుంది. ఆ అడగబోయే ప్రశ్నకు భయపడి నా నోరు ముందే వివరాలు చెప్పేస్తోంది. వేళ్లతో కొడుతున్నప్పుడు ఎదురుగా ఆమె ఉండేది కాదు.

అప్పటినుంచి నాకు తెలిసినవాళ్లందరికీ ఇదే చెప్పాను. రాయడం రాదని వెనక్కి తగ్గేవాళ్లకు ఇంతకు మించిన సాయం లేదని వాదించాను కూడా. ఆ మాటకు ఇప్పుడు కొన్ని షరతులు చేర్చాలి.

చిన్నవి ముందు చెప్పేస్తాను. నా ఫోనులో తెలుగుకు చుక్కలు, కామాలు వాటంతట అవి పడవు, ఇంటికి వచ్చి పెట్టుకోవాలి. ఊపిరి తీసుకోవడానికి కాస్త ఎక్కువసేపు ఆగితే మైకు ఆగిపోతుంది. రామకృష్ణ బీచ్‌లో సాయంత్రం గాలికి అదసలు పనిచేయదు, రోడ్డు దాటి ఏదైనా గోడ చాటుకు వెళ్లాల్సిందే. నెట్ లేకపోతే మూగపోతుంది. అరకు రైలులో ఇది బాగా తెలిసొచ్చింది. ఆ రైలు వెళ్లే కొత్తవలస-కిరండూల్ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. ఘాట్ ఎక్కుతుంటే, ఒక సొరంగం దాటి లోయ కనబడగానే మాట్లాడబోతాను, వాక్యం సగంలో ఉండగా ఇంకో సొరంగం. శిమిలిగూడ స్టేషను చేరేసరికి తెరమీద ముక్కలు ముక్కలుగా మాటలు. రైలులో ఇప్పుడు చిన్న నోటుపుస్తకంలో రెండేసి పదాలు గీసుకుంటున్నాను. ఇవన్నీ సర్దుకుపోదగ్గవే.

సర్దుకోలేనిది ఏటికొప్పాకలో ఎదురైంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. కొనడానికి వెళ్లేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం తయారు చేసేవాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు అక్కకు చదివించాలని వెళ్లాను. ఒక పెద్దాయన తన షెడ్డులో కూర్చోబెట్టారు. లేత్ యంత్రం మీద అంకుడు కర్ర ముక్క గిర్రున తిరుగుతోంది. ఉలి ఆనించగానే తెల్లటి పొట్టు రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ ఆయన ఒడిలో పడుతోంది. చూస్తుండగానే కర్ర నడుము సన్నబడి, పైన తలలా గుండ్రమైంది. తరువాత ఎర్రటి లక్క కడ్డీ తీసి తిరిగే కర్రకు అదిమి పట్టారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు కర్రమీదికి పాకింది. మొదట మొరటుగా, గీతలు గీతలుగా ఉంది. మొగలి ఆకు ముక్క ఒకటి మడిచి దాని మీద నొక్కేసరికి గాజు మీద వెలుతురు పడ్డట్టు మెరిసింది.

ఆయన చేతులు ఆడుతుండగానే చెబుతున్నారు, కర్రను ఎంతకాలం ఆరబెట్టాలో, ఏ గింజ నుంచి ఏ రంగు వస్తుందో. ఫోను ఆయన దగ్గరగా పట్టుకున్నాను. యంత్రం రొదలో తెరమీద ఒక్క మాటా నిలబడలేదు. నా అవస్థ చూసి "ఆపుతాను అమ్మా, అడగండి" అని స్విచ్ కట్టేసి, మొదటినుంచి నిదానంగా చెప్పారు. ఇప్పుడు షెడ్డులో చప్పుడే లేదు. అయినా ఆయన చెబుతున్నది ఒకటి, తెరమీద పడుతున్నది మరొకటి. పనిముట్ల పేర్లు ఎగిరిపోయాయి. చెట్ల పేర్ల చోట సంబంధం లేని మాటలు చేరాయి. ఆయన తనదైన యాసలో చెప్పిన చక్కటి వాక్యాలు కొన్ని వార్తలు చదువుతున్నట్టు మారాయి, కొన్ని అసలే రాలేదు.

"నేను చెప్పింది వచ్చిందా అమ్మా?" అని అడిగారు. వచ్చినంతవరకు చదివి వినిపించాను. ఓపిగ్గా విని, "అది నా మాట కాదమ్మా. పర్వాలేదు, మీకు నచ్చినట్టు రాసుకోండి" అన్నారు.

అదే షెడ్డులో, అదే ఫోనులో, ఆయన చెప్పిందే నేను నా మాటల్లో చెబితే పొల్లు పోకుండా పడింది. నాకు అక్కడే కష్టంగా అనిపించింది. ఇలాంటి యంత్రాలు తాము ఎక్కువగా విన్న మాటతీరునే బాగా పట్టుకుంటాయి. ఆఫీసులో, టీవీలో వినబడే తెలుగుకు నా మాట దగ్గర కాబట్టి నాకు దారి ఇచ్చింది. ఆ ఊరి పని, ఆ ఊరి మాట తెలిసిన మనిషిని మాత్రం గుమ్మంలోనే నిలబెట్టేసింది. ఇన్నాళ్లూ నా సొంత మాటలే చెప్పుకోవడం వల్ల ఈ తేడా నాకు తగల్లేదు.

ఆ రోజు రికార్డరు పెట్టి ఇంకోసారి చెప్పమని అడిగాను. విసుక్కోకుండా చెప్పారు. ఆ వారాంతం ఇంట్లో ఒక్కో వాక్యం ఆపి ఆపి వింటూ, ఒత్తు ఒత్తూ వెతికి, వేళ్లతోనే కొట్టాను. మెడ పట్టేసింది. కానీ అక్క ఆ కథనం చదివి బొమ్మల గురించి అడగలేదు, ఆయన గురించే అడిగింది. పిల్లలు ఈ పనిలోకి వచ్చారా, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తారా అని. నా మాటల్లో రాసి ఉంటే ఆ ప్రశ్నలు వచ్చేవి కావని నా నమ్మకం.

ఇప్పుడు నా పద్ధతి ఇది. నేను చూసినవి, నాకు తోచినవి మైకుతో. ఎవరైనా చెప్పినవి వాళ్ల అనుమతి అడిగి రికార్డరుతో, తరువాత చేత్తో. సమయం బాగా పెరిగింది, కథనాలు తగ్గాయి.

కాబట్టి ఎవరైనా అడిగితే వాయిస్ టైపింగ్ వాడమనే అంటాను, ముఖ్యంగా నాలాగా కీబోర్డు చూడగానే చేతులు ముడుచుకునేవాళ్లను. ఎదురుగా వినే మనిషిని ఒకరిని ఊహించుకోగలిగితే ఇంకా మేలు, నాకు అక్క ఉంది. తెలుగు వేగంగా కొట్టగలిగేవాళ్లకు దీని అవసరం అంతగా ఉండకపోవచ్చు. ఊళ్లు తిరిగి అక్కడివాళ్ల నోటి మాట సేకరించాలనుకునేవాళ్లకైతే, దీని మీద ఆధారపడవద్దనే చెబుతాను. కొత్త ఫోనుల్లో ఇది మెరుగుపడి ఉంటే సంతోషమే, నాది పాత ఫోను. మార్చాక ముందుగా ఏటికొప్పాక వెళ్లి ఆ పెద్దాయన చేతికే ఇచ్చి మాట్లాడించి చూస్తాను.