గణిత పత్రికకు ఏ కొలత మేలు: ఇంపాక్ట్ ఫ్యాక్టరా, ఎంసీక్యూనా?

అమలాపురం దగ్గరి డిగ్రీ కళాశాలలో నాతోపాటు గణితం చెప్పే యువ అధ్యాపకుడు ఒకరు మొన్న రెండు పరిశోధన పత్రికల పేర్లు కాగితం మీద రాసుకొచ్చి, "మాస్టారూ, పేపరు దేనికి పంపమంటారు?" అని అడిగారు. మొదటిదాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.6, రెండోదానిది 0.7. అధ్యాపకుల పదోన్నతులకు యూజీసీ పెట్టిన 2018 నిబంధనల పట్టికలో ఈ అంకె ఒకటికి లోపుంటే 10 పాయింట్లు, ఒకటికీ రెంటికీ మధ్యనుంటే 15 కాబట్టి, ఆయన మనసు ఎటు లాగుతోందో చెప్పనక్కర్లేదు. నేను మాత్రం రెండోదానికే పంపమన్నాను.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క తేలికే. పత్రిక గత రెండేళ్లలో వేసిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను, అంటే ఇతర పేపర్లు వాటిని ఉటంకించిన సార్లను, ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. చిక్కంతా ఆ రెండేళ్లలోనే ఉంది. గణితంలో రెఫరీ, అంటే అచ్చుకు ముందు పేపరును పరీక్షించే నిపుణుడు, ఒక నిరూపణను పంక్తి పంక్తీ సరిచూసేసరికే చాలాసార్లు ఏడాది గడుస్తుంది. దాన్ని చదివి, దానిమీద మరొకరు కట్టిన ఫలితం అచ్చులోకి వచ్చేసరికి ఇంకొన్నేళ్లు పడుతుంది. సార్వా వరికి పెట్టే గడువును కోనసీమ కొబ్బరికి పెడితే ఎలా? దేశవాళీ మొక్క ఆరేడేళ్లకు గాని కాపుకు రాదు. గణితంలో సుమారు 90 శాతం సైటేషన్లు ఈ రెండేళ్ల గడువుకు వెలుపలే పడతాయని అంతర్జాతీయ గణిత సమాఖ్య తదితర సంస్థలు 2008లో వెలువరించిన నివేదిక చెప్పింది.

గడువు చిన్నదైతే మోసమూ సులువే. 2006 నుంచి 2009 వరకు అనువర్తిత గణిత వర్గంలో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ప్రకారం అగ్రస్థానంలో నిలిచిన ఒక పత్రికకు 2008లో వచ్చిన సైటేషన్లలో 70 శాతానికి పైగా సరిగ్గా ఆ రెండేళ్ల పేపర్లకే పడ్డాయని గణితజ్ఞుడు ఆర్నాల్డ్, లైబ్రేరియన్ ఫౌలర్ 2011లో బయటపెట్టారు. వాటిలో పెద్ద భాగం ఆ పత్రిక సంపాదకవర్గంతో సంబంధమున్న వారి నుంచే వచ్చింది.

అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ వారి మ్యాథ్‌సైనెట్ అనే గణిత పేపర్ల డేటాబేస్ ఇచ్చే ఎంసీక్యూ (మ్యాథమెటికల్ సైటేషన్ కోషెంట్) అనే కొలత ఈ గడువును ఐదేళ్లకు పెంచుతుంది. తాను ఎంపిక చేసిన పత్రికల్లోని సైటేషన్లనే లెక్కిస్తుంది. ఏటా 40 పేపర్లు వేసే పత్రికను ఊహించండి. గత రెండేళ్ల 80 పేపర్లకు ఈ ఏడాది 40 సైటేషన్లు వస్తే రెండేళ్ల లెక్కలో 0.5 వస్తుంది, ఐదేళ్ల 200 పేపర్లకు 180 వస్తే 0.9 వస్తుంది. పత్రిక అదే, దాని పేపర్లు నిదానంగా కాపుకొచ్చాయి, అంతే.

ఎంసీక్యూకూ లోపముంది. భౌతికశాస్త్రానికో కంప్యూటర్ సైన్సుకో సరిహద్దులో ఉండే పత్రికకు ఆ రంగాల నుంచి వచ్చే సైటేషన్లు ఇందులో చాలావరకు లెక్కకు రావు. అలాంటి పత్రికకు స్కోపస్ అనే సైటేషన్ డేటాబేస్ ఆధారంగా కట్టే ఎస్‌జేఆర్ అనే కొలత కొంత మేలు. అది మూడేళ్ల గడువు తీసుకుని, సైటేషన్ ఏ పత్రిక నుంచి వచ్చిందో దాన్నిబట్టి బరువు కడుతుంది. శుద్ధ గణితానికైతే నా ఓటు ఎంసీక్యూకే. పదోన్నతి దరఖాస్తు గడువు నెత్తిమీదుంటే మాత్రం 15 పాయింట్ల వైపు వెళ్లినవారిని నేను తప్పుపట్టను, ఎందుకంటే ఆ పట్టికలో ఎంసీక్యూకు గడే లేదు.

మా యువ అధ్యాపకుడికి దరఖాస్తుకు ఇంకా రెండేళ్లుంది. ఎంసీక్యూ తీసి చూస్తే మొదటి పత్రికది 0.3, రెండోదానిది 0.8. పేపరు రెండోదానికే వెళ్లింది. రెఫరీ జవాబు వచ్చేసరికి ఈ ఏటి దాళ్వా కోతలు కూడా అయిపోతాయేమో.