సిల్‌ఫ్రానా, సాల్ట్‌స్ట్రామెనా?

చల్లటి నీళ్లలో డైవ్ చేయాలని ఉంది, ఐస్‌లాండ్‌లో నీళ్లు నిండిన నేల చీలిక సిల్‌ఫ్రాకి పోవాలా, నార్వేలోని సాల్ట్‌స్ట్రామెన్‌కా అని కావలి తమ్ముడొకడు అడిగాడు. సిల్‌ఫ్రాలో నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే, వంద మీటర్ల దాకా తేటగా కనపడతాయి, ప్రవాహమూ నెమ్మదే. కానీ చేపలు పెద్దగా ఉండవు, చూసేదంతా రాళ్లూ నీలం రంగూ.

సాల్ట్‌స్ట్రామెన్ సంగతి వేరు. సుమారు 150 మీటర్ల వెడల్పున్న ఇరుకు సముద్రపాయలోంచి ఆటుపోట్ల నీళ్లు సుడులు తిరుగుతూ పోతాయి, దాదాపు ఆరు గంటలకోసారి దిశ మారుతుంది, ఆ మారే కాస్త సేపట్లోనే దిగి పైకొచ్చేయాలి. మైపాడు అలల్లో నేర్చిన ఈత అక్కడ పనికిరాదబ్బాయ్. అయితే రాళ్ల నిండా పువ్వుల్లా కనపడే రంగురంగుల సముద్ర జీవులు సీ అనిమోన్లు, సందులోంచి తొంగిచూసే వోల్ఫ్‌ఫిష్ పళ్లు... నా ఓటు దీనికే. ఎక్కడికి పోయినా డ్రైసూట్, అంటే ఒంటికి నీళ్లు తగలనివ్వని డైవింగ్ సూట్, తప్పదు, అది నేర్చుకున్నాకే టికెట్ తియ్యి.